వీధి చీటీనా, లోన్ యాపా?

డబ్బు అర్జెంటైతే ఒకప్పుడు చీటీ పాడేవాళ్ళం, ఇప్పుడు ఫోన్ తీసి యాప్‌లో నొక్కుతున్నాం, రెండూ అప్పులాంటివే కదా అంటారు గానీ నాకైతే చాలా తేడా కనిపిస్తుంది.

చీటీ అంటే ఉదాహరణకి 20 మంది, తలా నెలకి 5 వేలు, నెలనెలా పోగయ్యేది మొత్తం లక్ష. అవసరమున్నవాడు 20 వేలు తగ్గించి పాడుకుంటే చీటీ నడిపేవాళ్ళ కమిషన్ 5 వేలు పోను మిగతా 15 వేలు అందరికీ తలా 750 వస్తుంది, అంటే వాడు కట్టిన వడ్డీ పక్కింటోళ్ళకే పోయింది. రిస్క్ లేదని కాదు, రిజిస్టర్ చేయని చీటీలు ఎత్తేసి రాత్రికి రాత్రే పారిపోయినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు (1982 చిట్ ఫండ్స్ చట్టం ఉన్నా ఎవరు చూస్తారు).

యాప్‌లో ఎవర్నీ అడగక్కర్లేదు, మొహమాటం లేదు, నిజంగా అదే దాని సుఖం. కానీ ఫీజు ముందే కోసేసి వారం గడువు పెట్టి, కట్టకపోతే ఫోన్‌లో ఉన్న కాంటాక్టులందరికీ మెసేజ్‌లు పెట్టే యాప్‌లు వచ్చాయి. 2020 చివర్లో తెలంగాణలో ఆ వేధింపులకి ప్రాణాలే పోయాయి, 2022లో ఆర్‌బీఐ కాంటాక్టులు ముట్టుకోవద్దని రూల్ పెట్టింది, దొంగ యాప్‌లకి అదెక్కడ పట్టుద్ది.

పక్కింటోళ్ళకి తెలియకూడదనే కదా యాప్‌కి వెళ్ళేది, చివరికి ఊరంతా తెలిసేది కూడా దానివల్లే. నేనైతే రిజిస్టర్ అయిన చీటీకే ఓటేస్తా.