మూన్నెల్లు పైసలు కట్టి చూసిన కార్నర్‌బ్యాక్ లెక్కల యాప్, నా రివ్యూ

ముందుగాల్నే చెప్తున్న, ఇది క్రికెట్ యాప్ కాదు, కాలితోని తన్నే ఫుట్‌బాల్‌ది కూడ కాదు, అమెరికోళ్లు హెల్మెట్లు పెట్టుకొని గుద్దుకుంటరు చూడు, ఆ ఫుట్‌బాల్‌ది. నల్లగొండల కూసొని గీ ఆట ఎవడు చూస్తడు అంటరేమో, మా బావ డల్లాస్ పక్కన ఫ్రిస్కోల ఉంటడు, కౌబాయ్స్ టీము ఆఫీసు, ప్రాక్టీసు జాగ అన్ని ఆ ఊర్లనే, ఇగ ఆయనకు వాళ్లంటె ప్రాణం, ఆయన అంటిచ్చిన రోగమే నాకు 2021 సంది. ఆదివారం రాత్రి పదిన్నరకు మొదటి మ్యాచ్‌లు షురువైతయి, నవంబర్ల వాళ్లు గడియారం ఒక గంట ఎనకకు తిప్పుకుంటరు కాబట్టి అప్పటి సంది మనకు పదకొండున్నర, సోమవారం పొద్దుగాల ఆఫీసుకు నేను ఏ మొఖంతోని పోతనో మీరే అనుకోండ్రి.

మా ఇద్దరి పంచాయితీ అప్పటి కౌబాయ్స్ కార్నర్‌బ్యాక్ ట్రెవాన్ డిగ్స్ కాడ మొదలైంది. 2021ల ఆ పిలగాడు 11 ఇంటర్‌సెప్షన్లు పట్టిండు, అంటె అవతల టీమోడు తన మనిషికి ఇసిరిన బాల్‌ను నడ్మల గుంజుకునుడు. 1981ల ఎవర్సన్ వాల్స్ పట్టినంక ఒక్క సీజన్ల 11 పట్టినోడు మళ్ల డిగ్సే, ఇద్దరూ కౌబాయ్సే, ఆల్ ప్రో ఫస్ట్ టీమ్‌ల, అంటె ఆ ఏడాది లీగ్ మొత్తంల బెస్ట్ ఆటగాళ్ల లిస్టుల, కూడ పేరొచ్చింది, ఇగ మా బావ ఆగుతడా, వీడ్ని మించినోడు లేడు అని రోజూ వాట్సాప్‌ల వాయించుడే. కని అదే సీజన్ల డిగ్స్ మీది నుంచి అవతలోళ్లు బాల్ ఏసుకొని వెయ్యి గజాల దాకా ముందుకు పోయిండ్రు, ఆ ముచ్చట ఎత్తితె బావ ఫోన్ల సిగ్నల్ పోతది. అందుకే నిజంగ ఎవడు మంచి కార్నర్‌బ్యాకో లెక్కలతోని తేల్చుదామని ఈ యాప్ తీస్కున్న. పేరు చెప్పను, నాకు దాని మీద కొన్ని కోపాలున్నయి, అయినా ఇది ఒక్క యాప్ ముచ్చట కాదు, గిసొంటి లెక్కలు అమ్మేటోళ్లు అందరి కాడా కొంచెం ఎక్కువ తక్కువ ఇదే కథ.

కార్నర్‌బ్యాక్ అంటె అవతల టీమ్ల బాల్ పట్టెటోన్ని, అంటె రిసీవర్‌ను, చివర్ల నిలవడి కాసేటోడు, తెల్వనోళ్లకు మన కబడ్డీ లెక్కల చెప్త. కబడ్డీల కూడ కార్నర్ ఉంటడు గదా, చివర్ల నిలవడి రైడర్ మడిమ పట్టెటోడు. మా ఊర్ల దసరాకు పెట్టిన టోర్నమెంట్ల ఒక అన్న ఉండె, లెఫ్ట్ కార్నర్, ఆయన చెయ్యి కాలికి తగిలిందంటె రైడర్ ఇగ గీత దాటుడు ఉండదు. మొదటి రెండు మ్యాచ్‌లల ఎడాపెడా పట్టిండు, సెమీస్ కాడికొచ్చేసరికి రైడర్లు అటు దిక్కు పోవుడే బంద్ చేసిండ్రు, అందరు కుడి దిక్కు తిరుగుడే, ఆ కుడి కార్నర్ల ఉన్న పిలగాడు పదిసార్లు ఎగబడి నాలుగు సార్లు పట్టిండు, ఆరు సార్లు పాయింట్ ఇచ్చుకున్నడు. ఆఖరికి బెస్ట్ డిఫెండర్ అని స్టీలు బిందె ఎవరికి ఇచ్చిండ్రనుకున్నరు, ఆ కుడి పిలగానికే, ఎందుకంటె పుస్తకంల ఆయన పేరు మీదనే పాయింట్లు ఎక్కువున్నయి. మా అన్నకు సెమీస్ సంది సున్న. ఇయ్యాల్టికి కూడ ఆ బిందె ముచ్చట తీస్తె ఆయన నవ్వడు.

ఇగ ఇదే సంగతి అక్కడ నమ్ది అసొముఘా అనేటోనికి అయింది. ఓక్లాండ్ రైడర్స్ అనే టీమ్ల 2006ల 8 ఇంటర్‌సెప్షన్లు పట్టిండు, ఆ తర్వాత మూడేండ్లు ఏడాదికి ఒక్కటి చొప్పున, 2010ల అదీ లేదు. ఉత్త ఆ కాలమ్ చూసెటోడు పిలగాడు ఖతమైండు అనుకుంటడు, కని అసలు సంగతేందంటె క్వార్టర్‌బ్యాక్‌లు, అంటె బాల్ ఇసిరెటోళ్లు, ఆ దిక్కు బాల్ ఏసుడే మానుకున్నరు. డారెల్ రెవిస్‌ది ఇంకా చిత్రం, 2010ల ఇంటర్‌సెప్షన్లు సున్న, అయినా ఆ ఏడు ఆల్ ప్రో ఫస్ట్ టీమ్. అంటె ఆట తెలిసినోళ్లు సున్న ఎనకాల ఏముందో చూసిండ్రన్నట్టు.

యాప్ మంచి పని చేసింది ఇక్కడనే. మామూలు స్కోరు పేజీలల దొరకని కాలమ్ ఒకటి ఇందుల ఉంటది, కవరేజ్ స్నాప్స్, అంటె అవతలోళ్లు పాస్ ఏసేటప్పుడు ఈయన కాపలాల ఎన్నిసార్లు నిలవడ్డడు అని. దాని పక్కన టార్గెట్స్, అంటె ఈయన కాసే మనిషి దిక్కు బాల్ ఎన్నిసార్లొచ్చింది అని. మొదటి దానితోని రెండో దాన్ని భాగిస్తె మా లెఫ్ట్ కార్నర్ అన్న కనవడ్తడు చూడుండ్రి! గజాలను కూడ టార్గెట్లతోని కాదు, స్నాప్స్‌తోని భాగించాలె. బత్తాయి తోటకు కావలి పెట్టినమనుకో, ఎంతమంది దొంగలను పట్టిండు అని కాదు గదా చూసేది, సీజన్ అయిపోయినంక చెట్ల మీద ఎన్ని కాయలున్నయి అని చూస్తం. ఈ ఒక్క కాలమ్ కోసం నేను కట్టిన పైసలల సగం వసూలైనయి అనుకుంటున్న.

ఇగ తిట్టాల్సినయి. యాప్ తెరవంగనే పెద్ద అక్షరాలతోని కనవడేది ‘ఇచ్చిన పాసర్ రేటింగ్’ అనే అంకె, అంటె ఈ కార్నర్ మీదికి ఏసిన బాల్స్ వరకే తీస్కొని క్వార్టర్‌బ్యాక్‌కు రేటింగ్ ఎంతొస్తది అని. ఈ ఫార్ములాకు ఎక్కువల ఎక్కువ 158.3. ప్రతి బాలూ నేలకు కొడ్తె ఎంతొస్తదో తెల్సా, 39.6! సున్న కాదు! ఆ లెక్క ఎవడు పెట్టిండో గాని ఒక కార్నర్‌కు 35 ఉన్నదంటె ఆయన మీదికి ఏసుడు కంటె బాల్‌ను గడ్డిల పారేసుకునుడు నయం అన్నట్టు. నేను ఒకనాడు రాత్రి కాలిక్యులేటర్ పట్టుకొని కూసున్న, ఉత్త ఉదాహరణకు 60 టార్గెట్లు, 36 క్యాచ్‌లు, 420 గజాలు, 3 టచ్‌డౌన్‌లు అనుకుందాం. ఇంటర్‌సెప్షన్లు రెండైతె రేటింగ్ 84, నాలుగైతె 70.1, ఒక్కటి కూడ లేకుంటె 97.9. మిగతాదంత అదే. అంటె ఏడాది మొత్తం చేసిన కష్టం ఒక దిక్కు, వేళ్లకు తగిలి జారిపోయిన రెండు బాల్స్ ఒక దిక్కు, ఆ రెండే మనిషిని మొనగాన్ని చేస్తయి, లేకుంటె దండుగోన్ని చేస్తయి. రిసీవర్ చేతులకు తగిలి గాల్ల లేచిన బాల్ ఎవని ఒళ్ల పడ్తదో ఎవరికి తెలుసు. డిగ్స్ కూడ ఎన్కటేడు 11 పట్టినోడు 2022ల 3 పట్టిండు, అట్లని ఆట మర్చిపోయిండా?

పైగ జెండాలు, అంటె తప్పు చేస్తె రెఫరీ ఏసేటియి, ఈ రేటింగ్‌ల లెక్కకే రావు. రిసీవర్‌ను బాల్ రాకముందే గుంజితె పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అంటరు, ఎన్‌ఎఫ్ఎల్‌ల, అంటె ఈ టీములు ఆడే లీగ్‌ల, ఆ తప్పు ఏడ జరిగితె బాల్ ఆడికే పోతది, నలభై గజాల కాడ జరిగితె నలభై గజాలూ పోయినట్టే. కని రేటింగ్‌కు అది పాస్ ఏసినట్టే కాదు. అంగీ పట్టి గుంజెటోనికి రేటింగ్ మంచిగుంటది, నిజాయితీగ ఉరికెటోనికి చెడ్తది, గిదేం న్యాయమో. యాప్‌ల పెనాల్టీలు ఉన్నయి, ఏరే పేజీల, కింద ఎక్కడనో, నాకు దొరకనీకి మూడు వారాలు పట్టింది.

ట్యాకిల్స్, అంటె బాల్ పట్టినోన్ని కింద పడేసుడు, ఆ కాలమ్ గురించి ఒక్క మాట, దాన్ని చూడకుండ్రి. కార్నర్‌కు ట్యాకిల్స్ ఎక్కువున్నయంటె మస్తుసార్లు ఆయన ముందల్నే బాల్ పట్టిండ్రని అర్థం కూడ కావచ్చు.

పాయింట్లు ఎవని ఖాతాల ఏసుడు అనేది అన్నిటికంటె పెద్ద లొల్లి. మనిషికి మనిషిని కాసే ఆటల ఎవడు ఎవన్ని ఇడిసిపెట్టిండో కనవడ్తది. జోన్ల అట్ల కాదు, జాగ పంచుకుంటరు, కార్నర్ ఇక్కడిదాకా నేను, ఎనక నువ్వు అని ఇంకా ఎనక కాసే సేఫ్టీ అనేటోనికి అప్పజెప్తడు, ఆ సేఫ్టీ రాకపోతె రిసీవర్ ఒంటరిగ పట్టుకుంటడు, టీవీల చూస్తె దగ్గర్ల ఉన్నోడు పాపం కార్నరే. యాప్ కూడ దగ్గరున్నోని మీదనే రాస్తది. మన కాడ పొలం నీళ్ల పంచాయితీల మడువ ఎవడు కట్టలేదో చూడకుంట తడిసిన గట్టోన్ని తిట్టినట్టు. ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగ రాస్తది కాబట్టే ఒకే ఆటగానికి రెండు జాగలల రెండు అంకెలు కనవడ్తయి. ఎన్‌ఎఫ్ఎల్ వాళ్లు భుజాల ప్యాడ్‌లల చిప్పులు పెట్టి రిసీవర్‌కు కార్నర్‌కు ఎంత ఎడమున్నదో కొలుస్తరు, ఆ కొలత ఖచ్చితమే, కని పక్కన ఉండుమని చెప్తె పక్కనున్నడా, ఎనక ఉండుమని చెప్తె ఎనకున్నడా అనేది చిప్పుకు తెల్వదు.

అందుకే కొందరు మనుషులను కూసవెట్టి వీడియో చూసి మార్కులు ఏయిస్తరు, ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ వాళ్లైతె మ్యాచ్‌ల బాల్ ఆడిన ప్రతిసారికి మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా అర్ధ అర్ధ చొప్పున ఏసి దాన్ని 100కు తీస్తరు. నేను కొన్నది అది కాదు, ఇందుల కూడ 100కు ఒక మార్కు ఉన్నది గాని ఎట్లొచ్చిందో ఎక్కడ రాసిలేదు, కస్టమర్ కేర్‌కు అడిగితె ‘మా సొంత పద్ధతి’ అని ఒక్క లైన్ల జవాబొచ్చింది. గసొంటి మార్కును నేను ఎట్ల నమ్మాలె?

ఇంకోటి, ఎవరి మీద ఆడిండు అనేది యాప్‌ల లేనే లేదు. రిచర్డ్ షెర్మన్ 2013ల 8 పట్టి లీగ్‌లనే ముందున్నడు, గట్టి ఆటగాడే, కని ఎక్కువ ఎడమ దిక్కే నిలవడెటోడు, అవతలోళ్లు తమ మంచి రిసీవర్‌ను ఇంకో దిక్కు పెట్టుకోవచ్చు. రెవిస్ అట్ల కాదు, అవతల టీమ్ల పెద్దోడు ఏడికి పోతె ఆడికే పోతుండె. 2009ల లీగ్ మొత్తం మీద ఎక్కువ గజాలు రిసీవర్ ఆండ్రీ జాన్సన్‌వి, 1,569. సీజన్ మొదటి మ్యాచ్‌ల రెవిస్ ముందల ఆయనకు వచ్చినయి 35. తర్వాతి వారం ర్యాండీ మాస్‌కు 24. ఆ ఏడు రెవిస్ పట్టినయి 6, చార్లెస్ వుడ్‌సన్ పట్టినయి 9, డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ద ఇయర్, అంటె ఏడాదికి బెస్ట్ డిఫెండర్ అవార్డు, వుడ్‌సన్‌కే పోయింది. వుడ్‌సన్ తక్కువోడని కాదు, ఆయన ఆట తీరే ఏరు, కని నాకైతె ఆ స్టీలు బిందే యాదికొచ్చింది. ఇప్పుడు జర మారినట్టున్నది, 2022ల సాస్ గార్డ్‌నర్ మొదటి ఏడాదే 2 ఇంటర్‌సెప్షన్లతోని ఆల్ ప్రో ఫస్ట్ టీమ్‌కు పోయిండు, 2024ల ప్యాట్రిక్ సర్టెయిన్ 4తోనే ఆ పెద్ద అవార్డు కొట్టిండు.

ధర గురించి, డాలర్లల కార్డు మీద కోస్తరు, బ్యాంకోడు పైన తన చార్జీ ఏసుకుంటడు, మూన్నెల్లకు మా ఇంట్ల ఏడాది కేబుల్ బిల్లంత అయింది. మ్యాన్, జోన్ ఇడగొట్టి చూపిచ్చే పేజీ పెద్ద ప్లాన్లనే ఉంటదంట, అసలు అవసరమైందే అది, దాన్నే తాళమేసి పెట్టిండ్రు. ఆటో రెన్యువల్ ఆఫ్ చేసే బటన్ ఫోన్ల లేదు, కంప్యూటర్ల సైట్ తెరిచి చేయాలె, నేను రెండు రోజులు ఆలస్యమైన, నాలుగో నెల పైసలు కూడ కోసిండ్రు.

ఐదుకు మూడు స్టార్లు ఇస్త. కొనేటోళ్లు సీజన్ మొదట్ల కొనకుండ్రి, నాలుగు మ్యాచ్‌లకు టార్గెట్లు కొన్నే వస్తయి, వాటితోని ఏం తేలదు, డిసెంబర్ల ఒక్క నెలకు తీస్కోండ్రి. స్నాప్స్ కాలమ్ చూడుండ్రి, పెనాల్టీల పేజీ ఎతికి పట్టుకోండ్రి, ఆ 100 మార్కు మీద ఏలు పెట్టి మూసి మిగతాది చూడుండ్రి. బావకైతె డిగ్స్ స్క్రీన్‌షాట్ పంపిన, గజాలు స్నాప్స్‌తోని భాగించి మరీ. రెండు నీలం టిక్కులు పడ్డయి, తెల్లారి ఫోన్ చేసి అక్క మాట్లాడింది, ‘మీ బావ నీ మీద అలిగిండురా, జర్సీ పంపుదామనుకున్నడు, ఇప్పుడు పంపడంట’ అని.