గుడి స్తంభాల మధ్య చర్చి: సిరక్యూస్ యాత్ర

ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపం తూర్పు తీరంలోని సిరక్యూస్‌ను క్రీస్తుపూర్వం 734 ప్రాంతంలో కొరింథ్ నుంచి వచ్చిన గ్రీకులు స్థాపించారు. ఆర్కిమెడీస్ పుట్టిన ఊరు. కటానియా విమానాశ్రయం నుంచి బస్సులో వెళ్ళాం. ఆ ప్రయాణానికి వంక పెట్టడానికేమీ లేదు.

పాత ఊరంతా ఒర్టీజియా అనే చిన్న దీవిలో ఉంది. బస అక్కడే తీసుకున్నాం. లిఫ్టు లేదన్న సంగతి మెట్ల ముందు నిలబడ్డాకే తెలిసింది. మూడంతస్తులు, ఇద్దరికి మూడు పెట్టెలు. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. నాకు భయం వేసింది అందుకే. అయినా మళ్ళీ వెళ్తే దీవిలోనే దిగుతాను, మొదటి అంతస్తు చూసుకుని. సాయంత్రం జనం పలచబడ్డాక ఆ సందుల్లో తిరగడం వేరు.

ఊరంతటికీ పెద్ద చర్చే ఒక ఎత్తు. అది నిజానికి క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు దేవత ఎథీనాకు కట్టిన గుడి. స్తంభాల మధ్య ఖాళీలను గోడలతో పూడ్చి, గర్భాలయం గోడలను కమానులుగా తొలిచి క్రైస్తవులు చర్చి చేసుకున్నారు. ముఖద్వారం మాత్రం 1693 భూకంపం తర్వాతది. పక్క వీధిలో నిలబడితే గోడలోంచి డోరిక్ అనే పాత గ్రీకు శైలి స్తంభాలు సగం బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. లోపల ఒకదాని మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను. రెండో రోజు మళ్ళీ వెళ్ళాను.

గ్రీకు రంగస్థలం మీద పెట్టుకున్న ఆశ అంతగా తీరలేదు. మే, జూన్ నెలల్లో అక్కడ ప్రాచీన నాటకాలు ఆడతారు. అందుకని రాతి మెట్ల మీద చెక్క బల్లలు పరిచేస్తారు. నాటకం చూసేవారికి అదే సరైన కాలం, రాళ్ళు చూడాలనుకునేవారికి కాదు. పక్కనే ఉన్న రాతి గనులు మాత్రం మనసును పట్టేస్తాయి. క్రీ.పూ. 413లో ఓడిపోయిన ఏథెన్స్ సైనికులను ఈ ఊరి గనుల్లోనే బంధించారు. ఇప్పుడక్కడ నిమ్మచెట్లు.

భోజనానికి శాకాహారులు బెంగపడనక్కరలేదు. వంకాయ, టమాటా, ఆలివ్‌లతో పుల్లపుల్లగా, తియ్యతియ్యగా చేసే కపొనాతా మూడు పూటలు తిన్నాం.

దగ్గర్లోని నోటో అనే ఊరికి ఆదివారం వెళ్ళడం మా పొరపాటు. రైలు అరగంటే, కానీ ఆ రోజు రాకపోకలు తక్కువ. స్టేషను నుంచి ఊళ్ళోకి ఎండలో ఎక్కుడు దారి. తేనెరంగు రాతి భవనాల వీధి చూసి, బాదం గ్రానీతా (మంచుపొడిలాంటి తీపి) తిని, తిరుగు బండి కోసం రెండు గంటలు బల్ల మీద కూర్చున్నాం. ఆవిడ అప్పుడు మెట్ల సంగతి ఎత్తింది.