కాలిన చేతికి కుళాయి నీరా, ఐసు ముక్కా?

గంజి వార్చేటప్పుడు చేయి కాలితే ఇంట్లో వెంటనే వినిపించే సలహాలు రెండు: కుళాయి కింద పెట్టమనేది ఒకటి, ఐసు ముక్క రుద్దమనేది మరొకటి. చల్లదనం రెండింటిలోనూ ఉన్నా, ఐసు తాకిన చోట రక్తనాళాలు కుంచించుకుపోయి, అప్పటికే దెబ్బతిన్న చర్మానికి రక్తం సరిగా అందక గాయం మరింత ముదిరే ప్రమాదం ఉంది. పారే నీరు మాత్రం చర్మం లోపలి పొరల్లో నిలిచిన వేడిని నెమ్మదిగా లాగేస్తుంది. అందుకు 20 నిమిషాలు పడుతుంది, చాలామంది రెండు నిమిషాలకే చేయి తీసేస్తుంటారు. కాలిన 3 గంటలలోపు మొదలుపెట్టినా మేలే. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీయాలి. (కాలిన చోట కొందరు పూసే టూత్‌పేస్టు అసలు వాడకూడదు.) కాలిన భాగం పెద్దదైతే, ముఖ్యంగా పసిపిల్లల్లో, నీటితోనూ ఒళ్లంతా చల్లబడే ముప్పు ఉంటుంది కనుక మిగతా శరీరాన్ని దుప్పటితో కప్పి 108కు ఫోన్ చేయాలి.