కుంటలో ఆక్సిజన్ మీటర్: కొన్ని పంటలు తీసినంక నా మాట

నర్సంపేట వైపు మాది ఎకరంన్నర చేపల కుంట. బొచ్చె, రవ్వ, బంగారుతీగ కలిపి పెంచుతాం. కుంట నడుమ తేలే డబ్బా, దాని కింద వైరుకు వేలాడే ప్రోబ్ (నీళ్లను కొలిచే కడ్డీ), లోపల సిమ్ కార్డు, చేతిలో ఫోన్: ఇదే ఆ మీటర్. ఆక్సిజన్, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం), వేడి, అమ్మోనియా నాలుగూ చూపిస్తుందని అమ్మినాయన చెప్పిండు. చూపిస్తుంది, నిజమే. కానీ నన్నడిగితే ఆక్సిజన్ అంకె కోసమే కొనండి.

పగలు నీళ్లలోని నాచు ఎండకు ఆక్సిజన్ తయారు చేస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచే చేపలతో పోటీపడి పీల్చుకుంటుంది. అందుకే సాయంత్రం నిండుగా ఉన్నది తెల్లారగట్ల అడుగంటుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే చేప మేత బాగా తింటుంది. 3 కంటే కిందికి పోతే మేత ముట్టదు, ఇంకా దిగితే పైకి తేలి నోరు తెరుస్తుంది. అట్లాంటప్పుడు ముందు పోయేవి పెద్ద చేపలే, అంటే అమ్ముకునేవే. "నోరు తెరిచినంక ఉరికితే ఏం లాభంరా, ముందే తెల్వాలె" అంటడు మా బాపు. మీటరుతో ముందే తెలుస్తోంది.

ఇదివరకు భయానికి ఏరేటర్ (నీళ్లను చిలికి గాలి కలిపే మిషన్) రాత్రంతా తిప్పేవాళ్లం. ఇప్పుడు అంకె 4కు దిగితేనే స్విచ్ వేస్తాం. ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో ఆ అవసరం తెల్లారగట్ల ఏ మూడు గంటలకో వస్తుంది. చలికాలంలో చాలా రాత్రులు ఆ అవసరమే రాదు. చల్లటి నీళ్లు ఆక్సిజన్‌ను ఎక్కువ పట్టుకుంటాయి మరి: 20 డిగ్రీల దగ్గర 9 మిల్లీగ్రాముల దాకా, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. కరెంటు బిల్లులో తేడా కండ్లకు కనబడ్డది.

ప్రోబ్ లోతు సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. కంపెనీవాళ్లు జానెడు లోతుకే కట్టి పోయిండ్రు. ముసురు పట్టిన ఒక పొద్దున తెప్ప మీద పోయి వైరు పట్టుకుని మెల్లగా కిందికి వదిలిన. పైన 4 చూపించిన అంకె నడుం లోతుకు పోయేసరికి 3కు, బురద దగ్గర 2 కిందికి వచ్చింది. అప్పటినుంచి నడుం లోతులోనే కడుతున్న. ఫోన్‌లో పచ్చరంగు చూసి నిశ్చింతగా పడుకునేవాళ్లు ఇది ఒక్కసారి చేసి చూడాలె.

ఇక తిట్టాల్సింది అలర్ట్‌ను. గాలిదుమారం వచ్చిందంటే కరెంటు పోతుంది, వెనకనే టవరూ పోతుంది, మెసేజ్ రాదు. సరిగ్గా కావాల్సిన రాత్రే చేతులెత్తేస్తది. కొన్న దుకాణంలో అడిగితే "సిగ్నల్ మా చేతిలో లేదు సార్" అని ఒక్కటే జవాబు. అందుకే ముసురు రోజుల్లో నాలుగింటికి లేచి నేనే గట్టు మీదికి పోత. రైతులకు వాతావరణం ముందే చెప్పే మేఘదూత్ యాప్ ఇక్కడ అక్కరకొస్తోంది. వాతావరణ శాఖ, ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) వాళ్లు 2019లో తెచ్చింది, తెలుగులోనే ఉంది. రెండు రోజులు మబ్బే అని కనబడితే తవుడు, పల్లిచెక్క తగ్గిస్త, పెండ వేసుడు ఆపుత. ఇంకొక మాట, కంగారులో బోరు నీళ్లు నేరుగా కుంటలోకి వదలొద్దు. భూమిలోంచి వచ్చే నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. పైనుంచి రాళ్ల మీద పడి చిమ్మేటట్టు పెట్టాలె.

ప్రోబ్ మూతికి పల్చటి పొర ఉంటుంది. దానికి పాకురు పట్టితే అంకె తప్పుతుంది. వారానికోసారి మెత్తటి బట్టతో తుడిచి, తడి స్పాంజి ఉన్న మూతలో కాసేపు పెట్టి, మిల్లీగ్రాములకు బదులు శాతంలో చూస్తే అంకె వంద దగ్గర నిలవాలె. నిలవకుంటే మళ్లీ సరిచేసుకోవాలె, లేదంటే పొర మార్చాలె. కొనేముందే ఆ పొర, లోపల పోసే ద్రావణం వరంగల్‌లో దొరుకుతాయా అని అడగండి. మాకు హైదరాబాద్ నుంచి పార్సిల్ రావాల్సి వచ్చింది, అదీ పంట మధ్యలో.

పీహెచ్ ఫర్వాలేదు. అమ్మోనియా అంకెను నేను చూడటం మానేసిన, నీళ్లలో మందు చుక్కలు వేసి రంగు చూసే కిట్టే నయం. చేతిని మోచేయి దాకా ముంచి నీటి రంగు చూసే బాపు పద్ధతి కూడా వదల్లేదు. మోచేయి దాకా పోకముందే వేళ్లు కనబడకపోతే నాచు మితిమీరినట్టే.

సొంత కుంటలో మేత పోసి ఒత్తుగా పెంచేవాళ్లకు ఇది పెట్టిన డబ్బుకు పని చేస్తుంది. ఊరి చెరువులో సర్కారు ఇచ్చే చేపపిల్లలు వదిలే మత్స్యకార సొసైటీలకు అక్కర్లేదు. అంత పెద్ద నీళ్లలో చేప పలచగా ఉంటుంది, మేత పోసేదీ లేదు. ఆ పైసలతో మంచి వలలు కొనుక్కుంటే మేలు.