చెన్నైలో మళ్లీ మా హాస్టల్ కబుర్లు

పాత స్నేహితురాళ్లతో ఏ ఊరు వెళ్లినా అక్కడి హోటలునీ పార్కునీ టిఫిను కొట్టునీ నేను ఒకే కొలతతో కొలుస్తాను. ఇక్కడ మమ్మల్ని ఎంతసేపు కూర్చోనిస్తారు? గోడలు ఎంత తళతళలాడినా, తిండి ఎంత రుచిగా ఉన్నా, మాట మధ్యలో లేవాల్సి వస్తే ఆ చోటు మాకు పనికిరాదు. 1994 నుంచి 1997 దాకా చెన్నై క్వీన్ మేరీస్ కళాశాలలో చదువుకున్న తెలుగు అమ్మాయిలం, ఇన్నేళ్ల తర్వాత మళ్లీ అదే ఊళ్లో కలుసుకున్నాం. మాలాగే వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని మాకు ఎదురైనవన్నీ రాస్తున్నాను.

ముందు రైలు సంగతి. మా పిల్లలు వందేభారత్‌లో వెళ్లమన్నారు. అది చీరాలలో ఆగదు, పైగా రేణిగుంట మీదుగా తిరిగి వెళ్తుంది. మాకు పినాకిని ఎక్స్‌ప్రెస్సే సరైనదని నేను పట్టుబట్టాను. ఉదయం విజయవాడలో నేనెక్కితే, తెనాలిలో ఒకామె, చీరాలలో ఒకామె, నెల్లూరులో ఒకామె ఎక్కారు. సెలవులు అయిపోయి హాస్టలుకు తిరిగి వెళ్లే రోజుల్లో కూడా ఇలాగే ఒక్కో స్టేషనులో ఒక్కొక్కరు వచ్చి చేరేవాళ్లం. ఊరు వదిలిన దిగులు తెనాలి దాకానే ఉండేది, చీరాల దాటాక పాటలు మొదలయ్యేవి.

ఏసీ పెట్టె వద్దనుకుని, మామూలు సెకండ్ సిట్టింగ్ తీసుకున్నాం. దానికి కారణం గూడూరులో ఉన్న మా స్నేహితురాలు. ఆమె అత్తగారు మంచం మీద ఉన్నారు, ఇల్లు వదిలి రావడానికి లేదు. "నేను రాలేనే, స్టేషనుకు మాత్రం వస్తాను. కిటికీ తెరుచుకునే పెట్టెలో ఎక్కండి" అంది. రైలు ఆగీ ఆగకముందే పెట్టె పక్కనే పరుగెత్తుకొచ్చింది. ఊచల మధ్య నుంచి ముందు చెయ్యి లోపలికి పెట్టింది. మేము నలుగురం ఆ ఒక్క చేతినే పట్టుకున్నాం. తర్వాత గుర్తొచ్చినట్టు సంచిలోంచి నిమ్మకాయ పచ్చడి సీసా తీసి, ఊచల్లోంచి పట్టదని తలుపు దగ్గరికి పరుగు పెట్టింది. మాట్లాడుకోవడానికి దొరికింది రెండు నిమిషాలే. ఏసీ అద్దం వెనక ఉండి ఉంటే ఆ చెయ్యి మా చేతికి అందేది కాదు. దారిలో ఎవరైనా ఇలా కలవాల్సి ఉంటే సెకండ్ సిట్టింగ్‌లోనే వెళ్లండి. ఎండాకాలమైతే ఉక్క తప్పదు. టికెట్టు చాలా చవక.

మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో సెంట్రల్‌లో దిగాం. తిరుపతి నుంచి ఉదయమే వచ్చినామె, పెళ్లయినప్పటి నుంచీ అంబత్తూరులోనే ఉంటున్న మరొకామె మా కోసం అక్కడ ఎదురుచూస్తున్నారు. మొత్తం ఆరుగురమయ్యాం. సెంట్రల్ నుంచి మైలాపూర్ వైపు వెళ్లడానికి పార్క్ టౌన్ స్టేషనులో ఎత్తు వంతెన మీద నడిచే రైలు ఎక్కవచ్చు. మేము చదువుతుండగానే, 1995లో అది బీచ్ స్టేషను నుంచి చేపాక్ దాకా మొదలైంది, 1997లో తిరుమయిలై (మైలాపూర్) దాకా వచ్చింది. చార్జీ తక్కువ. కానీ స్టేషన్లు మరీ పెద్దవి, చీకటిగా ఉంటాయి, సామాను మోసుకుంటూ మెట్లెక్కాలి. యాభై ఏళ్ల మోకాళ్లతో అది కష్టం. మెట్రో శుభ్రంగా, చల్లగా ఉంటుంది కానీ ఇప్పటికి మౌంట్ రోడ్డు వైపే వెళ్తుంది, అక్కడి నుంచి మళ్లీ ఆటో కావాలి. మేము ఫోనులో రెండు కార్లు పిలుచుకున్నాం. ఆటో ఎక్కేవాళ్లు ముందే బేరం తేల్చుకోవాలి. ఒకాయన అడిగిన మొత్తం విని మా అంబత్తూరు ఆమె తమిళంలో గట్టిగా నిలదీస్తే సగానికి దిగాడు.

బస విషయంలో మొదటి రాత్రి మాకు నచ్చలేదు. మౌంట్ రోడ్డు దగ్గర కాస్త పేరున్న హోటల్లో మూడు గదులు తీసుకున్నాం. ఫోనులో ఒకే అంతస్తులో ఇస్తామన్నారు, తీరా వెళ్లాక మూడు అంతస్తుల్లో ఇచ్చారు. పక్కలు శుభ్రం, స్నానాల గది శుభ్రం, పొద్దున టిఫిను బాగుంది, రిసెప్షన్‌లో తెలుగు తెలిసిన అమ్మాయి ఓపిగ్గా మాట్లాడింది. రాత్రి మేమందరం ఒకే గదిలో చేరి నవ్వుకుంటుంటే పదిన్నరకే కింది నుంచి ఫోను వచ్చింది, ఇద్దరికి మించి గదిలో ఉండకూడదని. అది వాళ్ల నియమం, కాదనను. కానీ ఏళ్ల తరబడి మనసులో దాచుకున్న మాటలు పదిన్నరకు ఆగవు. వేర్వేరు గదుల్లో తలుపులు వేసుకుని పడుకోవడానికైతే మా ఇళ్లలో మేము ఉండవచ్చు.

మర్నాడు మైలాపూర్‌లో లజ్ కూడలి దగ్గర ఒక సర్వీస్ అపార్ట్‌మెంటుకు మారాం. మూడు పడక గదులు, వంటిల్లు, పెద్ద హాలు. హోటల్లో మూడు గదులకు కట్టినంతే అయింది. పరుపులన్నీ హాల్లోకి లాగి వరసగా పరిచాం. లోపాలు కూడా చెప్పాలి. లిఫ్టు లేదు, మూడో అంతస్తు. తిరుపతి ఆమె మోకాలి నొప్పితో మెట్లెక్కేసరికి కళ్లనీళ్లు పెట్టుకుంది. తాగే నీళ్లకు డబ్బా మేమే తెప్పించుకోవాల్సి వచ్చింది. లిఫ్టు, నీళ్లు, రాత్రి ఎన్నింటికి గేటు మూస్తారు అన్న మూడు సంగతులూ డబ్బు కట్టకముందే అడగండి. ఇవి సరిపోతే గుంపుగా వెళ్లేవాళ్లకు ఇంతకు మించిన బస లేదు.

ఆ వంటింట్లో అన్నీ ఉన్నాయి, కాఫీ ఫిల్టరు ఒక్కటి లేదు. మాడ వీధి వైపు నడిచి లియో కాఫీలో అప్పటికప్పుడు ఆడించిన పొడి కొన్నాం. పొట్లం ఇంకా వెచ్చగా ఉంది. పక్క వీధి పాత్రల కొట్లో ఆరుగురికి సరిపడే స్టీలు ఫిల్టరు తీసుకున్నాం. రాత్రి పన్నెండప్పుడు డికాక్షన్ వేసి, మూత మీద చెయ్యి పెట్టుకుని అది ఎంతవరకు దిగిందో చూస్తూ నెల్లూరు ఆమె తన ఉద్యోగం పోయిన రోజుల గురించి చెప్పింది. మాలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. ఫోన్లలో రోజూ శుభోదయాలు పంపుకునే మేము ఇన్నాళ్లూ ఆ కష్టం కనుక్కోలేకపోయాం. ఎదురెదురుగా కూర్చుంటే తప్ప బయటికి రాని మాటలుంటాయి. తన వెంట తెచ్చిన మలై కాజాలు మా అందరికీ పంచుతూ చెప్పింది, ఏడవలేదు.

కళాశాల లోపలికి వెళ్లడానికి ముందుగానే ఉత్తరం రాసి అనుమతి తీసుకున్నాం. ప్రభుత్వ మహిళా కళాశాల కాబట్టి గేటు దగ్గర ఊరికే లోపలికి పంపరు, పంపకపోవడమే మంచిది. 1914లో డరోతీ డి లా హే ప్రిన్సిపాలుగా మద్రాసు నగరంలో ఆడపిల్లల కోసం మొదలైన మొదటి కళాశాల ఇది. పెంట్‌లాండ్ హౌస్, స్టోన్ హౌస్, జయపూర్ హౌస్ అనే భవనాల పేర్లు వినగానే మా అందరి నడకా మారిపోయింది. మేము చూసిన కాపర్ హౌస్ మాత్రం లేదు, ఆ చోట కలైంజర్ మాళిగై అనే భవనం కట్టారు. 2003లో ఈ ప్రాంగణాన్ని పడగొట్టి సచివాలయం కడతామని అప్పటి ప్రభుత్వం అన్నప్పుడు, విద్యార్థినులు కదలకుండా లోపలే కూర్చుని పోరాడారు, చివరికి ఆ ఆలోచన ఆగిపోయింది. ఆ వార్తలు చదివినప్పుడు మేమంతా కాన్పులూ ఉద్యోగాలూ అంటూ తలో ఊళ్లో ఉన్నాం. ఆ వరండా ఇంకా నిలబడి ఉందంటే ఆ పిల్లల పుణ్యమే. వాళ్లెవరో మాకు తెలియదు, కానీ రుణపడి ఉన్నాం.

ఆ వరండాలో మెట్ల పక్కన అరుగు ఉంది. శనివారం సాయంత్రాలు అక్కడ కూర్చుని, ఇళ్ల నుంచి వచ్చిన ఆవకాయ, గోంగూర పంచుకునేవాళ్లం. హాస్టల్ సాంబారు మాకు మొదట్లో సహించేది కాదు. చీరాల ఆమె తెచ్చే కందిపొడి వారంలో అయిపోయేది. ఇప్పుడు అదే అరుగు మీద మా పక్కన చదువుకుంటున్న ఒక అమ్మాయి, మేము తెలుగులో మాట్లాడుకోవడం విని, "మీరు ఏ ఊరమ్మా? మాది సూళ్లూరుపేట" అంటూ జరిగి చోటిచ్చింది. హాస్టల్లో తిండి ఎలా ఉందని అడిగాం. ఇంటి నుంచి పచ్చడి తెచ్చుకుంటానంది.

రోడ్డు దాటి కాస్త దక్షిణంగా నడిస్తే లైట్‌హౌస్. మేము చదివే రోజుల్లో దానిపైకి ఎవరినీ పోనిచ్చేవారు కాదు. రాజీవ్ గాంధీ హత్య తర్వాత భద్రత కోసం మూసిన దాన్ని మళ్లీ 2013లోనే తెరిచారు. మూడేళ్లూ దాని వెలుగు మా కిటికీల మీదుగా తిరిగేది, పైకి మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. ఇప్పుడు చిన్న టికెట్టుతో లిఫ్టులో దాదాపు పై దాకా వెళ్లవచ్చు, ఆపైన కొన్ని ఇరుకు మెట్లు. సోమవారం సెలవు, మధ్యాహ్నం కాసేపు మూస్తారు, సాయంత్రం త్వరగా ముగిస్తారు. పైనుంచి ఒక వైపు శాంథోమ్ చర్చి తెల్లటి శిఖరం, మరో వైపు చెట్ల మధ్య మా కళాశాల పైకప్పులు. తెనాలి ఆమె వేలు చూపిస్తూ తన గది కిటికీ ఏదో వెతికింది, దొరికేదాకా కదలనంది. గాలి బలంగా ఉంటుంది, గ్యాలరీ సన్నగా ఉంటుంది, వెనకవాళ్ల కోసం త్వరగా దిగమంటారు. చూసి తీరాలి, కానీ కూర్చునే చోటు కాదు.

తిండికి వస్తే, ట్రిప్లికేన్‌లో రత్నా కేఫ్ 1948 నాటిది. ఇడ్లీలు మునిగేదాకా సాంబారు పోస్తారు, అడిగితే మళ్లీ పోస్తారు. రుచి మారలేదు. అయితే ఆదివారం పొద్దున మన కుర్చీ వెనకే తర్వాతివాళ్లు నిలబడి ఉంటారు. మైలాపూర్‌లో రాయర్ మెస్ పొంగలు, గట్టి చట్నీ అద్భుతం. అది చాలా చిన్న చోటు, వీధిలో నిలబడి వంతు కోసం చూడాలి, తినగానే లేవాలి. రెండింటికీ వెళ్లండి, కబుర్లు మాత్రం బయటికొచ్చాక పెట్టుకోండి. రాధాకృష్ణన్ సాలైలో న్యూ ఉడ్‌లాండ్స్ భోజనశాల కాస్త పాతకాలపు పద్ధతిలో ఉంటుంది, మధ్యాహ్నం మూడప్పుడు వెళితే తొందరపెట్టరు. సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు పెట్టిన ఆ రోడ్డు మీదే మేము పుస్తకాలు ఛాతీకి హత్తుకుని నడిచేవాళ్లం.

మా అందరికీ గుండెలో గుచ్చుకున్నది కెథడ్రల్ రోడ్డులోని ఉడ్‌లాండ్స్ డ్రైవ్ ఇన్ లేకపోవడం. కారు తలుపులకు ట్రేలు తగిలించి వడ్డించేవారు. మాకు కార్లెక్కడివి, చెట్ల నీడన బల్ల దగ్గర ఒక దోసె ముగ్గురం పంచుకుని, ఒక్కో కాఫీ చెప్పుకుని పరీక్షల పాఠాలన్నీ వల్లె వేసేవాళ్లం. ఎవరూ లేవమనేవారు కాదు. 2008లో అది మూతపడింది. ఆ స్థలంలో 2010లో సెమ్మొళి పూంగా అనే ఉద్యానవనం తెరిచారు. నీడ ఉంది, బల్లలున్నాయి, శుభ్రంగా ఉంది, పిల్లలకు బాగుంటుంది. మేమూ ఒక చెట్టు కింద గంటసేపు కూర్చున్నాం. తోటగా దానికి మంచి మార్కులే వేస్తాను. కానీ విద్యార్థులకు ఆ పాత హోటలు ఇచ్చిన చోటు ఈ తోట ఇవ్వలేదు, ఆ నష్టం ఈ నగరంలో మళ్లీ పూడలేదని నా గట్టి అభిప్రాయం.

ఇక టి.నగర్‌లో చీరల కోసం ఒక పూట పోయింది. పానగల్ పార్కు పక్క కొట్లన్నీ కిటకిటలాడుతున్నాయి, పండగ ముందు వెళ్లకండి.

మెరీనాకు మాత్రం పూర్తి మార్కులు. వివేకానంద ఇల్లం ఎదురుగా, ఇసుక మీదుగా నీళ్ల దగ్గరి దాకా దివ్యాంగుల కోసం, వృద్ధుల కోసం 2022లో చెక్కదారి వేశారు. తిరుపతి ఆమె ఇసుకలో నడవలేనని మొదట వెనక్కి తగ్గింది. ఆ దారి మీద నెమ్మదిగా చివరిదాకా వచ్చి అలలు చూసింది. ఇంత మంచి పని ఎవరి ఆలోచనో గానీ వాళ్లకు దండం పెట్టాలి. కాగితం పొట్లంలో సుండల్ (గుగ్గిళ్లు), పైన పచ్చి మామిడి ముక్కలు, కొబ్బరి. చీకటి పడేదాకా కూర్చున్నాం, మమ్మల్ని ఎవరూ లేపలేదు. ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి దగ్గర్లో దొరకడం కష్టం, ముందే చూసుకుని వెళ్లాలి. మెట్రో రెండో దశ పనుల వల్ల లైట్‌హౌస్ వైపు రోడ్డు ఇరుకైంది, నడకకు అదనపు సమయం ఉంచుకోండి. ఆదివారం సాయంత్రం జనం మరీ ఎక్కువ, మామూలు రోజే మేలు.

నెల సంగతి కూడా చెప్పాలి. నవంబరులో వానలు, మే నెలలో ఎండ. డిసెంబరులో సంగీత కచేరీల వల్ల మైలాపూర్‌లో బస దొరకదు, దొరికినా ధర ఎక్కువ. సంక్రాంతి వెళ్లాక జనవరి చివరి వారం అన్నిటికంటే హాయి. తిరుగు పినాకిని మధ్యాహ్నం రెండు దాటాక బయలుదేరుతుంది కాబట్టి చివరి రోజు పొద్దున్నంతా చేతిలో ఉంటుంది. మేము ఆ పూట కపాలీశ్వరుడి కోనేటి మెట్ల మీద గడిపాం, వచ్చేసారి కూడా అలాగే గడుపుతాం.