బాణం గుర్తు లేని మోరోవిండ్

బెస్ట్ ఆర్‌పీజీల (మనమే ఓ పాత్రగా మారి ఆడే వీడియో గేమ్‌ల) లిస్టు ఎవరు వేసినా నేను ముందు చూసేది ఒక్కటే, ఎల్డర్ స్క్రోల్స్ సిరీస్‌లోని పాత ఆట మోరోవిండ్, అదే సిరీస్‌లో తర్వాత వచ్చిన స్కైరిమ్‌కి పైనుందా, కిందుందా అని. కిందుంటే ఆ లిస్టు అక్కడితో మూసేస్తాను. విచర్ 3 లాంటి వేరే ఆట పైనున్నా, ఫైట్లే లేని డిస్కో ఎలీసియంని అసలు ఆర్‌పీజీ అనొచ్చా అని కొట్టుకున్నా నాకు పట్టదు. ఇది న్యాయం కాదని తెలుసు. కానీ పదిహేనేళ్లుగా వదిలేస్తూ, మళ్లీ పట్టుకుంటూ ఆడుతున్న ఆట గురించి న్యాయంగా మాట్లాడటం నావల్ల కాదు.

2002 నాటి గ్రాఫిక్స్ ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. కథ కూడా వదిలేద్దాం. నా గొడవంతా దారి గురించే. ఇందులో మ్యాప్ ఉంటుంది గానీ, క్వెస్ట్ (మనకి అప్పగించిన పని) ఎక్కడుందో చూపించే బాణం గుర్తు, అంటే మార్కర్, ఉండదు. 2006లో తర్వాతి ఆట అబ్లివియన్‌తో ఈ సిరీస్‌లోకి ఆ గుర్తు వచ్చింది. మోరోవిండ్‌లో మాత్రం దారి మనిషిని అడగాలి. అతను చెప్పింది ఆటలోనే ఉండే నోట్‌బుక్, అంటే జర్నల్లోకి ఎక్కుతుంది. మిగతాది మన తంటా.

మొదట్లోనే బాల్మోరా ఊళ్లో హస్ఫాట్ అనే అతను, డ్వెమర్ అనే పాత జాతి వదిలేసిన శిథిలాల్లోంచి ఓ పజిల్ బాక్స్ తెమ్మంటాడు. నది దాటు, సైన్‌పోస్ట్ చూసుకో, లోయ మీద పాత వంతెన ఉంటుంది, అది దాటి కొండెక్కు అని. వంతెన దాకా బాగానే వెళ్లాను. అక్కడ క్లిఫ్ రేసర్ అనే పక్షిలాంటి జీవి ఒకటి నా మీద పడింది. ఈ ఆటలో పరిగెడితే ఆయాసం వస్తుంది, ఆయాసంతో కత్తి తిప్పితే చాలాసార్లు తగలదు. పక్షి కళ్లముందే ఉంటుంది, కత్తి దాని ఒంట్లోంచి వెళ్లినట్టే కనిపిస్తుంది, దెబ్బ మాత్రం పడదు. పారిపోబోయి లోయలోకి జారిపోయాను. ఒకప్పుడు లావా పారిన లోయ అది, రెండు పక్కలా నిటారు రాళ్లు. ఎక్కబోతే జారడం, మళ్లీ ఎక్కబోవడం. తల ప్రాణం తోకకొచ్చి, ఎక్కడో ఒకచోట తేలకపోతుందా అని లోయ వెంటే నడిచాను.

తేలింది. కాకపోతే బూడిద గాలి మొదలైంది, తెరంతా ఎర్రబడింది, ఆ ఎరుపులోంచి కొండని చుట్టేసి వెలుగుతున్న ఓ గోడ బయటపడింది. అది ఘోస్ట్‌ఫెన్స్. కథలో ఎప్పుడో చివర్న వెళ్లాల్సిన చోటికి, చేతిలో ఓ చవక కత్తితో, లెవెల్ 2లో వెళ్లి నిలబడ్డాను. అదేంటో, ఎవరు కట్టారో, లోపల ఏముందో తెలియదు. కాసేపు చూసి, భయమేసి వెనక్కి తిరిగాను.

కొన్ని నెలల తర్వాత కథ ముదిరి, ఆ గోడకున్న ద్వారం ఘోస్ట్‌గేట్ దాటి, లోపలున్న కొండ రెడ్ మౌంటెన్ మీదికి వెళ్లాల్సి వచ్చినప్పుడు నేను జర్నల్ తెరవలేదు. ఆ దారి నాకు తెలుసు. ఏ రాయి దగ్గర జారానో కూడా తెలుసు. స్కైరిమ్‌లో వందల గంటలు తిరిగాను గానీ, ఒక్క గుహకైనా దారి చెప్పమంటే చెప్పలేను. సెట్టింగ్స్‌లో మార్కర్లు తీసేసి ఆడొచ్చు కదా అంటారు. తీసేసి చూశాను. ఆ ఆటలో మనుషులు చాలాసార్లు చోటు పేరు చెప్పి ఊరుకుంటారు, దారి చెప్పరు. బాణం ఉంటుందన్న ధీమాతో రాసిన మాటలవి. బాణం తీసేస్తే మిగిలేది తికమకే.

ఇక దాచి లాభం లేదు, ఆ పజిల్ బాక్స్ సంగతి కూడా చెబుతాను. మర్నాడు శిథిలాలు దొరికాయి, తలుపు తెరవడానికి పైపు మీద తిప్పే పిడీ దొరికింది. పెట్టె దొరకడానికి మాత్రం గంటన్నర పట్టింది. ఓ అరలో, చుట్టూ ఉన్న సామాన్ల రంగులోనే కలిసిపోయి కూర్చుంది. అందులో మజా ఏమీ లేదు, చిరాకే. జర్నల్ కూడా మొదట్లో తేదీల వారీ డైరీ. పది క్వెస్టులు ఒకేసారి పెట్టుకుంటే, ఎవరు ఏ దారి చెప్పారో వెతకడానికి పేజీలు తిప్పుతూ కూర్చోవాలి. ట్రైబ్యునల్ అనే ఎక్స్‌పాన్షన్ (ఆటకి తర్వాత కలిపిన అదనపు భాగం) వచ్చాక క్వెస్టుల వారీగా చూసుకునే వీలొచ్చింది. పైగా దారి చెప్పేవాళ్లందరూ సరిగ్గా చెబుతారనీ లేదు.

పోయినేడాది మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు నాకు రాత్రిపూట దొరికేది అరగంట, మహా అయితే ముప్పావు గంట. మూడు రాత్రులు ఒకే సమాధి కోసం తిరిగాను. నాలుగో రాత్రి ఫోన్‌లో, దారులన్నీ రాసిపెట్టిన వికీ తెరిచాను. ఇన్నేళ్లూ ఏ సుగుణం పట్టుకుని వాదించానో, దాన్నే దొంగచాటుగా దాటేశాను.

కాబట్టి సెలవుల్లో ఉన్నవాళ్లకీ, దారి తప్పినా విసుక్కోనివాళ్లకీ అయితే దీని తర్వాతే ఏదైనా అంటాను. ఉద్యోగం, ఇంట్లో చిన్నపిల్లలు ఉండి నాలా అరగంట ఆడేవాళ్లకి చెప్పడానికి నోరు రాదు. ఈ మధ్య నేను ఆడుతున్నది స్కైరిమే. నా లిస్టు మాత్రం ఇంకా మార్చలేదు.