కోడ్ హక్కులు రాసివ్వాలా, ధ్రువీకరణ చాలా?

ఓపెన్ సోర్స్ (ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగల) ప్రాజెక్టుకు కోడ్ పంపేవారికి రెండు దారులు: కాపీరైట్‌ను సంస్థకు బదిలీ చేయడం, లేదా హక్కును తమ దగ్గరే ఉంచుకుని ‘దీన్ని ఇచ్చే అధికారం నాకుంది’ అని ధ్రువీకరించడం.

శ్రమ: బదిలీకి ఒప్పంద పత్రం కావాలి, ఉద్యోగులైతే యాజమాన్యం సంతకమూ అవసరం కావచ్చు. రెండు వరుసల తప్పు దిద్దబోయినవారు ఇది చూసి వెనుదిరుగుతారు. ధ్రువీకరణకు ప్రతి మార్పు కింద పేరుతో ఒక్క వరుస చాలు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయైన లినక్స్ కెర్నెల్‌లో 2004 నుంచి ఇదే పద్ధతి.

లైసెన్సు (కోడ్ వాడుకునే షరతుల) మార్పు: హక్కులన్నీ ఒకచోట ఉంటే సులువు. లినక్స్‌లోనైతే వేలమందిని అడగాలి, అంటే జరగని పని.

దావా: లైసెన్సు ఉల్లంఘించినవారిపై కోర్టుకెళ్లాలంటే, హక్కుల యజమాని ఒక్కరే అయితే బలం.

నష్టభయం: అసలు చిక్కు ఇక్కడే. హక్కులు పొందిన కంపెనీ రేపు అదే కోడ్‌ను మూసిపెట్టి అమ్ముకోవచ్చు. లాభాపేక్షలేని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ మాత్రం కోడ్‌ను స్వేచ్ఛగానే ఉంచుతామని ఒప్పందంలోనే మాటిస్తుంది. అయినా ఆ ఫౌండేషన్‌కే హక్కులు బదిలీ చేయించే జీసీసీ (కోడ్‌ను కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చే కంపైలర్) ప్రాజెక్టు 2021లో బదిలీ నిబంధనను సడలించింది.

లైసెన్సు ఉల్లంఘనలపై పోరాడే లాభాపేక్షలేని సంస్థకైతే బదిలీ నప్పుతుంది. కొత్తవారి రాకే ఊపిరైన ప్రాజెక్టుకు ధ్రువీకరణే మేలు. అడిగేది కంపెనీ అయితే, రాతపూర్వక హామీ లేనిదే నేనైతే సంతకం పెట్టను.